పాఠం బాగా జరిగిందని మీకెలా తెలుసు?

(టీచర్లు, మెంటార్లు, బోధనా కోచ్‌ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

టీచర్ల డైరీలు వరసగా నాలుగు తిరగేస్తే అన్నింట్లోనూ అవే రెండు వాక్యాలు కనిపిస్తాయి. "పాఠం బాగా జరిగింది. పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు." పాఠం సరిగా నడవని రోజున "కొందరికి అర్థం కాలేదు, రేపు మళ్లీ చెప్పాలి" అని ఉంటుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇది చదివి రేపటి పాఠంలో ఏం మారుస్తారు? ఎంతమంది పాల్గొన్నారు, నోరు విప్పనిది ఎవరు, ఆ "కొందరు" ఎవరు, సరిగ్గా ఏ మెట్టు దగ్గర ఆగిపోయారు... ఒక్కటీ లేదు. ఆ పూట మన మనసు ఎలా ఉందో రాసుకున్నాం, అంతే. రాసుకోవడం మంచి అలవాటే, కాదనను. కాకపోతే దానివల్ల బోధన మారదు.

మన పనిని మనం తిరిగి చూసుకోవాలంటే, చూడటానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి. పది నిమిషాల రికార్డింగో, పిల్లలు రాసిన చీటీలో, పక్కన కూర్చున్న సహోద్యోగి గీసిన గీతలో. అవేవీ లేకుండా ఎంత ఆలోచించినా, మనకు ముందే ఉన్న అభిప్రాయమే మళ్లీ మనకు ఎదురవుతుంది. ఈ గంటలో నేను చెప్పేదంతా దీని చుట్టూనే ఉంటుంది.

పునరాలోచన, అంటే మన పనిని మనం తిరిగి చూసుకోవడం గురించి మాట్లాడేవాళ్లందరూ డొనాల్డ్ షాన్ అనే అమెరికన్ పండితుడి పేరు తలుస్తారు. 1983లో ఆయన రెండు రకాల ఆలోచనను విడదీసి చూపించాడు. ఒకటి పని చేస్తుండగానే చేసేది, రెండోది పని అయ్యాక చేసేది. ఒక పిల్లవాడి మొహం చూసి, చెబుతున్న ఉదాహరణను అక్కడే ఆపి ఇంకోటి ఎత్తుకుంటామే, అది మొదటిది. అది అనుభవం మీద వస్తుంది, ఆదేశాలిస్తే రాదు. రెండోదాన్ని మాత్రం నేర్చుకోవచ్చు, నేర్పించవచ్చు. మొదటిది పదునెక్కేది కూడా చాలావరకు రెండోది చేస్తూ పోవడంవల్లే.

ఇబ్బంది ఎక్కడుందంటే, పాఠం చెబుతున్న మనిషి తన క్లాసును పూర్తిగా చూడలేడు. తరవాతి వాక్యం, బోర్డు మీద లెక్క, గడియారం, వెనక బెంచీలో గుసగుస... దృష్టి ఇన్నింటి మధ్య పంచుకుపోతుంది. పాఠం అయ్యాక గుర్తుండేవి చేతులెత్తిన నలుగురి మొహాలు, విసిగించిన ఒకరి మొహం. మిగతా క్లాసు జ్ఞాపకంలోకే రాదు. టీచర్ అశ్రద్ధవల్ల జరిగేది కాదిది, ఎవరికైనా ఇంతే.

అందుకే లెక్కపెట్టగలిగిన చిన్న సంగతితో మొదలుపెట్టమంటాను. అన్నింటికన్నా తేలికైనది ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నామన్నది.

మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970ల్లో సైన్సు తరగతుల రికార్డింగులు విని లెక్కగట్టింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. జవాబు వచ్చాక అంతకూడా ఆగడం లేదు. ఈ రెండు విరామాలనూ 3 సెకన్లు దాటించినచోట జవాబుల నిడివి పెరిగింది, "తెలియదు" అనేవి, అసలు జవాబే రానివి తగ్గాయి, అడగకుండానే మాట్లాడే పిల్లలు ఎక్కువయ్యారు. మూడే సెకన్లు. వినడానికి ఏముంది అనిపిస్తుంది గానీ, నలభై జతల కళ్లు మిమ్మల్నే చూస్తుంటే మూడు సెకన్లు చాలా పొడుగు.

కొలవడం ఇలాగ. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టి టేబుల్ మీద ఉంచండి. పాఠమంతా వద్దు, మీరు ఎక్కువగా ప్రశ్నలడిగే పది నిమిషాలు చాలు. స్కూల్లో రికార్డింగుకు అనుమతి కావాలంటే ముందే తీసుకోండి, విన్నాక ఫైలు తీసేయండి. కాగితం మీద మూడు గడులు గీసుకోండి. మొదటి గడిలో మీ ప్రశ్నను మాట పొల్లుపోకుండా రాయండి. రెండో గడిలో ఎన్ని సెకన్లు ఆగారో. మూడో గడిలో ఆ నిశ్శబ్దాన్ని ఎవరు తెంచారో, మీరా, పిల్లలా. పది నిమిషాల రికార్డింగుకు పాతిక నిమిషాలు పడుతుంది. మొదటిసారి మన గొంతు మనకే నచ్చదు, ఆ ఇబ్బంది రెండోసారికి పోతుంది.

మూడో గడి చూస్తే అసలు కథ బయటపడుతుంది. చాలామంది నిజంగా ఆగుతారు, కాకపోతే ఆగిన చోటే మళ్లీ మాట్లాడతారు. "చెప్పండి... ఎవరు చెబుతారు... నిన్న చెప్పుకున్నాం కదా... మొదటి అక్షరం..." ఇలా. ఆలోచిస్తున్న పిల్లవాడికి ఇది విరామం కాదు, అడ్డు. ఇంకో పొరపాటు, ముందు పేరు పిలిచి తరవాత ప్రశ్న అడగడం. పేరు వినపడగానే మిగతా ముప్పై తొమ్మిది మందికి సెలవు ఇచ్చినట్టే. ప్రశ్న, తరవాత విరామం, ఆ తరవాతే పేరు. వరస అదే.

అన్ని ప్రశ్నలకూ ఆగనక్కర్లేదు. "ఏడు ఎనిమిదులెంత?" అని అడిగి మూడు సెకన్లు నిలబడితే ఒరిగేదేమీ లేదు. ఎందుకు, ఎలా, ఇలా కాకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నలకే విరామం పనికొస్తుంది. అంటే రికార్డింగు విన్నాక మొదటి గడి మీద కూడా కాస్త దిగులు పడాల్సి రావచ్చు. ప్రశ్నలన్నీ ఒక్క మాట జవాబువే అయితే, విరామం పెంచడం కన్నా ముందు ప్రశ్నలు మార్చాలి.

(సభ నుంచి ప్రశ్న: "అలా ఆగితే పెద్ద క్లాసులో అల్లరి మొదలవుతుంది కదండీ?")

మొదలవుతుంది. పిల్లల చేతులకు పని లేకపోతే తప్పకుండా మొదలవుతుంది. అందుకని విరామాన్ని ఖాళీగా వదలొద్దు. "ఒక నిమిషం, ఎవరి నోట్‌బుక్‌లో వాళ్లు ఒక్క వాక్యం రాయండి" అనండి. రాశాక పక్కవాళ్లకు చూపించమనండి. అప్పుడు పేరు పిలవండి. పిలిచేసరికి చెప్పడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది కనుక భయం తగ్గుతుంది, గోల కూడా తగ్గుతుంది.

ఇక పిల్లల చీటీల సంగతి. దీని దగ్గర కాస్త నిలబడతాను, ఎందుకంటే బాగా చేస్తే దీనంత చవకైన, దీనంత పనికొచ్చే సాధనం ఇంకోటి లేదు. చాలాచోట్ల దీన్ని పాడుచేస్తున్నారు కూడా.

పాఠం చివర నాలుగు నిమిషాలు మిగుల్చుకోవాలి. ఒకే ఒక్క ప్రశ్న. సగం కాగితం మీద జవాబు, దాని కింద కారణం. "అర్థమైందా?" అని అడిగి నవ్వు మొహం, ఏడుపు మొహం గీయించడం కాదు. పిల్లలు మర్యాద కొద్దీ నవ్వు మొహమే గీస్తారు. మార్కులు వేయడమూ కాదు. మార్కులు వేస్తారని తెలిస్తే పక్కవాడి కాగితం చూసి రాస్తారు, అప్పుడు మనకు తెలిసేది పక్కవాడి సంగతే.

ఉదాహరణకు భిన్నాల పాఠం. ప్రశ్న ఇది: 3/5, 3/8 లలో ఏది పెద్దది? ఎందుకు? జవాబు 3/5. చీటీలు తప్పు, ఒప్పు అని రెండు కుప్పలుగా విడదీస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఒప్పు కుప్పలోని కారణాలు చదవండి. ఒకరు రాస్తారు: "ఒకే రొట్టెను ఐదు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క పెద్దది, ఎనిమిది చేస్తే చిన్నది. రెంటిలోనూ మూడేసి ముక్కలే తీసుకున్నాం." ఇది సరైన ఆలోచన. ఇంకొకరు: "3/5 కి పూర్తి కావడానికి రెండే తక్కువ, 3/8 కి ఐదు తక్కువ. అందుకే 3/5 పెద్దది." జవాబు ఒప్పే, దారి తప్పు. ఈ పిల్లకు 3/4, 7/9 ఇచ్చి చూడండి. ఒకటే తక్కువ కాబట్టి 3/4 పెద్దదంటుంది. నిజానికి 7/9 పెద్దది, రెంటి హారాన్నీ 36 చేస్తే 27/36, 28/36 వస్తాయి. 2/3, 3/4 ఇస్తే రెంటికీ ఒక్కటే తక్కువ కాబట్టి సమానం అనవచ్చు.

కాబట్టి కుప్పలు మూడు. జవాబు, కారణం రెండూ సరిగ్గా ఉన్నవి ఒకటి. జవాబు ఒప్పు, కారణం తప్పు ఉన్నవి రెండోది, కారణం రాయనివి కూడా ఇందులోకే. జవాబే తప్పైనవి మూడోది. మూడో కుప్పలో "8 పెద్ద సంఖ్య కదా" అన్నవాళ్లే ఎక్కువ ఉంటారు. విడదీయడానికి పది నిమిషాలు. రేపటి పాఠం ఏ కుప్పతో మొదలుపెట్టాలి? మూడో కుప్పతో అని అందరూ అంటారు. నా లెక్కలో రెండోదానితో. రేపు బోర్డు మీద 3/4, 7/9 రాసి, "ఎంత తక్కువ అన్నది చూస్తే సరిపోతుందా?" అని అడిగితే రెండో కుప్ప ఇరుకున పడుతుంది. ముక్క ఎంత సైజుదన్నది చూడక తప్పదు. ఆ చర్చలో మూడో కుప్పలో ఉన్నవాళ్ల సందేహం కూడా సగం తేలుతుంది. అదే మూడో కుప్ప కోసం నిన్నటి పాఠాన్ని నిన్నటిలాగే తిరిగి చెబితే, రెండో కుప్ప తన తప్పు దారిని ఇంకా గట్టి చేసుకుంటుంది.

డైరీలో రాయాల్సింది ఇదీ. "34 చీటీలు. 15, 11, 8. రెండో కుప్పలో ఎక్కువమంది ఎంత తక్కువ అన్నది లెక్కవేశారు. రేపు 3/4, 7/9." పొడి అంకెలు, రెండు వాక్యాలు. ఆత్మవిమర్శ పేరుతో పేజీలకు పేజీలు రాసేకన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

ఇప్పుడు కోచ్‌ల వైపు, అంటే టీచర్ క్లాసుకు వెళ్లి బోధనలో తోడ్పడేవాళ్ల వైపు వస్తాను.

శిక్షణ ఎందుకు క్లాసుదాకా చేరదు అన్న ప్రశ్నను బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే పరిశోధకులు 1980ల నుంచీ పట్టుకుని చూశారు. వాళ్లు తేల్చింది ఏమిటంటే, సిద్ధాంతం చెప్పి, చేసి చూపించి, హాల్లోనే సాధన చేయించినా సరే, రోజువారీ క్లాసులోకి వచ్చేది చాలా తక్కువ. తరవాత ఆ టీచర్ క్లాసులోనే పక్కన ఒకరు ఉండి తోడ్పడినప్పుడే అలవాటుగా మారుతుంది. మాథ్యూ క్రాఫ్ట్, మరో ఇద్దరు కలిసి 2018లో 60 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. కోచింగ్ వల్ల బోధన తీరులో 0.49 ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేరకు, పిల్లల చదువులో 0.18 మేరకు మెరుగు కనిపించింది. ఈ రెండు అంకెల మధ్య తేడాను గమనించండి. టీచర్ మారినంతగా పిల్లల ఫలితాలు మారవు. ఇంకో సంగతి, కార్యక్రమంలో టీచర్ల సంఖ్య పెరిగేకొద్దీ ఆ ప్రభావం తగ్గింది. ఒక కోచ్ మీద అరవై మంది టీచర్లను మోపితే అది కోచింగ్ అనిపించుకోదు, తనిఖీ అవుతుంది.

తనిఖీ అన్నాను కాబట్టి ఒక మాట. కోచ్ రాసుకున్న నోట్సు టీచర్ ఇంక్రిమెంటుకో, వార్షిక నివేదికకో చేరుతుందని తెలిసిన రోజున మీకు నిజమైన పాఠం చూపించరు. బాగా వచ్చిన పాఠాన్ని మళ్లీ ఆడి చూపిస్తారు. పిల్లలు కూడా అందులో చక్కగా నటిస్తారు. నోట్సు ఎవరికి చెందుతుందో మొదటిరోజే తేల్చుకోండి. నా మాట అడిగితే, రాసిన కాగితం టీచర్‌కే ఇచ్చేయాలి, కోచ్ దగ్గర కాపీ కూడా ఉండకూడదు.

పాఠానికి ముందు పది నిమిషాలు మాట్లాడుకోవాలి. ఏం చూడాలో టీచరే చెప్పాలి. "అన్నీ చూడండి సార్" అంటే ఒప్పుకోవద్దు. అన్నీ చూసినవాళ్లు చివరికి బోర్డు రాత, గొంతు, లెసన్ ప్లాన్ గురించే చెబుతారు. "నా ప్రశ్నలకు ఎవరెవరు జవాబిస్తున్నారో చూడండి" అన్నంత చిన్నదిగా ఉండాలి.

క్లాసులో ఎక్కడ కూర్చుంటారు? అలవాటు ప్రకారం వెనక బెంచీలో. అక్కడినుంచి కనిపించేది టీచర్ మొహం, పిల్లల వీపులు. మీరు చూడాల్సింది పిల్లల మొహాలు, వాళ్ల నోట్‌బుక్కులు. అందుకని ముందువైపు పక్కగోడ దగ్గర కుర్చీ వేసుకోండి. ఇరవై, ముప్పై నిమిషాలు చాలు. చూసింది, విన్నది మాత్రమే రాయాలి. "పిల్లలు శ్రద్ధ పెట్టలేదు" అన్నది తీర్పు. "10:12 – కిటికీ వైపు ఆఖరి వరుసలో నాలుగు నోట్‌బుక్కులు మూసి ఉన్నాయి" అన్నది చూసింది. మొదటిదాన్ని టీచర్ కాదనగలరు, వాదించగలరు. రెండోదాన్ని చూసి ఆలోచించడం తప్ప చేయగలిగింది లేదు.

పాఠం తరవాతి సంభాషణ ఆ రోజే, లేదంటే మర్నాడు. వారం ఆగితే ఇద్దరికీ పాఠం గుర్తుండదు. అది ఎలా సాగాలో ఒక ముక్క చూపిస్తాను. కోచ్ దగ్గర సీటింగ్ మ్యాప్ ఉంది. చేయెత్తి జవాబిచ్చినవాళ్ల గడిలో గీత, చేయెత్తకపోయినా టీచర్ పేరు పిలిచినవాళ్ల గడిలో చుక్క.

"మేడం, ఇదిగోండి మీరడిగిన మ్యాప్. ముందు మీరు చూడండి."

(కోచ్ మాట్లాడరు. పది సెకన్లు.)

"కిటికీ వైపు మొత్తం ఖాళీగా ఉందే!"

"ఊఁ."

"వాళ్లు చేతులెత్తరండీ, అందుకే."

"చుక్కలు ఎన్ని ఉన్నాయి మేడం?"

"రెండు... ఈ ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటున్నారని లేపాను."

ఇక్కడ ఏం జరిగిందో చూడండి. ఈ క్లాసులో చేయెత్తకుండా పేరు పిలిపించుకోవడమంటే దొరికిపోవడం, శిక్ష. కిటికీ వైపు పిల్లలు మాట్లాడకపోవడానికి కారణం అక్కడ ఉంది. ఆ మాట కోచ్ చెప్పలేదు, టీచర్ నోటే వచ్చింది. "మీరు అందరినీ అడగాలి మేడం" అని కోచ్ మొదటే అనేసి ఉంటే "అలాగే సార్" అనేవారు, సంభాషణ అక్కడితో ముగిసేది.

మనలో చాలామంది దగ్గర ఓపిక తక్కువ, సలహా ఎక్కువ. మెచ్చుకోలు కూడా జాగ్రత్తగా వాడాల్సిందే. క్లూగర్, డినీసి అనే పరిశోధకులు 1996లో ఫీడ్‌బ్యాక్ మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తరవాత పనితీరు తగ్గింది. చేస్తున్న పని మీదనుంచి "నేనెలాంటి మనిషిని" అన్నదాని మీదకు ధ్యాస మళ్లినప్పుడు ఫలం తగ్గుతుందని వాళ్ల వివరణ. "మీరు గొప్ప టీచర్ మేడం" అన్నా, "మీకు ఓపిక తక్కువ" అన్నా ధ్యాస మళ్లేది మనిషి మీదకే. "10:20కి మీరు ఆగి, తప్పు జవాబును బోర్డు మీద రాశారు. ఆ తరవాత నలుగురు చేతులెత్తారు" అన్నది పని మీద ఉంటుంది.

ఇక మార్పు. ఒక్కటే ఎంచుకోవాలి. ఈ మేడం విషయంలో ఆ ఒక్కటి: ప్రతి పెద్ద ప్రశ్నకూ ముందు ఒక నిమిషం రాయించి, ఆ తరవాత పిల్లల పేర్లు రాసిన పుల్లల డబ్బాలోంచి ఒక పేరు తీయడం. ఇందులో దెబ్బతినే చోటు ఒకటుంది, దాన్ని అందరూ వదిలేస్తారు. "సరే, వచ్చే క్లాసులో ప్రయత్నిస్తాను" అని లేచిపోతారు. లేవనివ్వకండి. అక్కడే ఐదు నిమిషాలు చేసి చూడాలి. టీచర్ నిలబడి రేపు పిల్లలతో అనబోయే మాటలు బయటికి అనాలి. కోచ్ జవాబు తెలియని పిల్లవాడిలా తలదించుకోవాలి. అప్పుడు తెలుస్తుంది, "తెలియదు మేడం" అంటే ఏమనాలో అసలు అనుకోలేదని. "నువ్వు రాసింది చదువు, సగమే రాసినా సరే" అన్న వాక్యం అప్పటికప్పుడు దొరుకుతుంది. పెద్దవాళ్లం ఇలా నటించడం మొదట్లో నవ్వులాటలా ఉంటుంది. ఉండనివ్వండి. రేపు నలభై మంది ముందు తడబడేకన్నా ఇవాళ ఒకరి ముందు తడబడటం తేలిక. స్టాన్‌ఫర్డ్‌లో 1960ల్లో మొదలైన మైక్రోటీచింగ్‌లో ఉన్నదీ ఇదే కీలకం. చిన్న ముక్క చెప్పడం, చూసుకోవడం, వెంటనే మళ్లీ చెప్పడం. మన శిక్షణ కళాశాలల్లో ఆ "మళ్లీ చెప్పడం" ఎగిరిపోయి, రికార్డు పుస్తకం మిగిలింది.

ఒక్క మార్పు కుదురుకోవడానికి ఆరు వారాలు పెట్టుకోండి. రెండో వారంలో పరిస్థితి మొదటికన్నా అధ్వాన్నంగా కనిపిస్తుంది. పాత పద్ధతి వదిలారు, కొత్తది చేతికి రాలేదు, పాఠం నెమ్మదిస్తుంది, సిలబస్ వెనకపడుతుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు. ఆ వారంలోనే కోచ్ క్లాసుకు వెళ్లాలి. మనం చేసేది తలకిందులు, మొదటి వారం వెళ్లి ఫొటో దిగి, మళ్లీ ఆరో వారంలో కనిపిస్తాం.

కోచ్ లేని స్కూళ్ల గురించి కూడా చెప్పాలి. జపాన్‌లో వందేళ్లకు పైగా టీచర్లు కలిసి ఒకే పాఠాన్ని అధ్యయనం చేసే పద్ధతి ఉంది. నలుగురైదుగురు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు చూస్తారు. చూసేవాళ్లు ఒక్కొక్కరూ ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పంచుకుని, పాఠమంతా వాళ్లు ఏం రాశారో, ఎక్కడ ఆగారో రాసుకుంటే మంచిది. చర్చలో ముందుగా మాట్లాడేది పాఠం చెప్పినవాళ్లు. పాఠం నలుగురిదీ కనుక "మీరిలా చేశారు" అనే మాట రాకూడదు, "మనం ఈ ప్రశ్న వేసినప్పుడు" అనాలి. ఇది చెడిపోయేది ఎక్కడంటే, సమయమంతా తయారీకే ఖర్చయి, చర్చ టీ తాగే పది నిమిషాలకు కుదించుకుపోయినప్పుడు. చర్చకు కనీసం గంట ఉంచండి, తయారీ కాస్త తక్కువైనా పరవాలేదు.

(సభ నుంచి ప్రశ్న: "పాతికేళ్ల సర్వీసున్న టీచర్, నాకిదంతా అక్కర్లేదంటే ఏం చేయాలి సార్?")

బలవంతం చేయొద్దు. ఆయన క్లాసుకు మీరు వెళ్లడం కాదు, మీ పాఠానికి ఆయన్ని పిలవండి. ఆయన సబ్జెక్టులోనే, ఆయన పిల్లలకే మీరు ఒక పీరియడు చెప్పండి. చెప్పే ముందు, "మాస్టారూ, నా ప్రశ్నలకు ఎవరు జవాబిస్తున్నారో నాకు కనిపించదు, కాస్త గుర్తు పెట్టిపెట్టండి" అని సీటింగ్ మ్యాప్, పెన్సిల్ ఆయన చేతికివ్వండి. ఆయన పిల్లలు ఆయనకే తెలుసు కాబట్టి, ఏ గడి ఎందుకు ఖాళీగా ఉందో మీకన్నా ఆయనే బాగా చెప్పగలరు. పాఠం అయ్యాక మ్యాప్ చూసి ముందుగా మాట్లాడాల్సింది మీరు, మీ పాఠం గురించి. ఆయన పాఠం ఊసు ఎత్తకండి. ఆయన ఎత్తితే అప్పుడు, ఏ పీరియడుకు రమ్మంటారో అడగండి.